ఒక పికప్ గిటారా, రెండు పికప్‌లదా?

ప్రశ్న: మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ కొనేవారికి ఒకే పికప్ ఉన్నది మేలా, రెండు ఉన్నదా? – ఒక పాఠకుడు, తిరువూరు

జవాబు: అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి, గిటార్ తీగల కింద అమర్చే భాగమే పికప్. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ రాగి చుట్టలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని ఆంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ పదునైన నాదాన్నీ, మెడ దగ్గరిది నిండైన, మెత్తని నాదాన్నీ ఇస్తాయి. ఫెండర్ సంస్థ 1950ల ఆరంభంలో దాదాపు ఒకే దేహాన్ని ఒక పికప్‌తో ఎస్క్వైర్‌గా, రెండింటితో టెలికాస్టర్‌గా అమ్మింది.

ఒకే పికప్ వాయిద్యంలో సాధారణంగా మెడ దగ్గర తీగను లాగి కంపనాన్ని అడ్డుకునే అయస్కాంతం ఉండదు. మీటే చోటును, బలాన్ని మార్చి నాదంలో తేడా తేవలసి వస్తుంది కనుక చేతికి గొప్ప శిక్షణ లభిస్తుంది. పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన యు. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై పలికించిన గమకాలు, అంటే స్వరపు ఊగులు, వేళ్ల సాధన ఫలమే.

అయినా సినిమా పాటల మెలోడీ, కార్డ్‌లు రెండూ ఒకే గిటార్‌పై వాయించదలచినవారికి రెండు పికప్‌లదే తగినది. సింగిల్ కాయిల్, అంటే ఒకే చుట్ట ఉండే రకంలో రెండో పికప్‌ను ఎదురు చుట్టుతో, ఎదురు ధ్రువంతో చేసి ఉంటే, పికప్‌లను ఎంచే స్విచ్ మధ్యలో ఉండి రెండూ కలిసి పనిచేసేటప్పుడు 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే రొద బాగా తగ్గుతుంది. దుకాణంలోనే ఆంప్లిఫయర్‌కు కలిపి, స్విచ్‌ను మూడు స్థానాల్లోనూ తిప్పి, చిటపటలు లేవని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించాలి.