చీలమండపై మానని పుండు

ప్రశ్న: మాది కోట్‌పల్లి. తాండూరులో నాపరాయి పాలిషింగ్ పని, రోజంతా నిలబడే. చీలమండ లోపలివైపు పుండు ఆరు నెలలుగా మానట్లేదు, చుట్టూ చర్మం నల్లబడింది. షుగర్ లేదు.

జవాబు: మీరు చెప్పిన లక్షణాలకు ముందు అనుమానించాల్సింది సిరల జబ్బును. కాలి సిరల్లో కవాటాలు చెడితే రక్తం పైకి పోక కిందే నిలుస్తుంది. అందుకే ఆయింట్‌మెంట్లు ఎన్ని రాసినా పుండు మానదు. అసలు మందు బిగుతైన కంప్రెషన్ కట్టే. అయితే ధమనులు మూసుకుపోయిన కాలికి ఆ కట్టు ప్రమాదం! ముందు డాప్లర్‌తో చీలమండ, చేతి రక్తపోట్లు పోల్చి చూడాలి, నిష్పత్తి 0.8 కన్నా తక్కువైతే మామూలు బిగింపు కట్టు వేయకూడదు. పాదానికి స్పర్శ తగ్గితే కుష్టు పరీక్ష, అంచులు ఉబ్బితే బయాప్సీ తప్పవు. ఆకు పసర్లు పెట్టకండి. కూర్చున్నప్పుడు కాళ్లు ఎత్తులో ఉంచండి. తాండూరు ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్‌ను ఈ వారమే కలవండి.