కారు ఇంజన్ మిస్సింగ్ కొడుతోందా? పార్టులు మార్చే ముందు ఇవి చూడండి

సిగ్నల్ దగ్గర ఆగితే సీటు వణుకుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి కుదుపులిస్తుంది, పికప్ రాదు. షెడ్డులో చూపిస్తే ‘ముందు ప్లగ్గులు మార్చి చూద్దాం’ అంటారు. తగ్గకపోతే కాయిల్స్, ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఇలా అంచనా మీద మార్చుకుంటూ పోతే బిల్లు పెరుగుతుంది గానీ జబ్బు దొరకదు. పెట్రోల్ కారయితే చాలా మటుకు ఇంటి ముందే తేల్చుకోవచ్చు.

1. బండిని ఆరుబయట పెట్టండి. సెల్లార్‌లోనో తలుపులు మూసిన గ్యారేజీలోనో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. హ్యాండ్ బ్రేక్ లాగండి. చున్నీ, కొంగు బానెట్ దగ్గరికి రానివ్వొద్దు. ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు.

2. వణుకు ఎప్పుడొస్తోందో కాగితం మీద రాసుకోండి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానేనా, వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? మెకానిక్‌కు అన్నిటికంటే పనికొచ్చే సమాచారం ఇదే. తర్వాత సైలెన్సర్ పక్కన నిలబడి వినండి. చప్పుడు ఒకే లయలో ఉండి, ఆర్‌పీఎం ముల్లు 700–900 మధ్య నిలకడగా ఉండి, బాడీ మాత్రం వణుకుతుంటే ఇంజన్ మౌంటింగ్‌లను అనుమానించాలి. మూడు సిలిండర్ల బండిలో కొద్దిపాటి వణుకు మామూలే. చప్పుడు మధ్యమధ్య తడబడుతుంటే అది మిస్సింగే.

3. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డుదాకా వెళ్లొచ్చు. వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం దయచేసి బండి తీయకండి. సిలిండర్‌లో మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, దాన్ని కాల్చేస్తుంది. కాయిల్ ధరకూ కన్వర్టర్ ధరకూ పొంతనే ఉండదు.

4. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొని పెట్టుకోండి. బీఎస్-4, బీఎస్-6 కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్‌ను అందులో గుచ్చితే కోడ్ చూపిస్తుంది. పీ0301 వస్తే మిస్సింగ్ ఒకటో సిలిండర్‌లో, పీ0302 వస్తే రెండోదాంట్లో. పీ0300 అంటే మిస్సింగ్ ఒక సిలిండర్‌కే పరిమితం కాలేదని. పీ0171 అంటే గాలి ఎక్కువై పెట్రోల్ చాలడం లేదని. కోడ్ జబ్బున్న చోటు చూపిస్తుంది, పోయిన పార్టు పేరు చెప్పదు. చెరిపేముందు ఫొటో తీసుకోండి.

5. కాయిల్స్ తారుమారు చేసి చూడండి. కొత్త పార్టు కొనకుండానే తేలిపోతుంది కాబట్టి నాకు ఈ పరీక్ష మీద గట్టి నమ్మకం. ప్లగ్గుకో కాయిల్ ఉన్న ఇంజన్‌లో పీ0302 వచ్చిందనుకోండి. ఇంజన్ ఆపి, చల్లారాక, రెండో కాయిల్‌ను మూడో చోట, మూడోదాన్ని రెండో చోట బిగించండి. చాలా కార్లకు 10 ఎంఎం పానా చాలు. సిలిండర్ల లెక్క సాధారణంగా బెల్టులున్న వైపు నుంచి మొదలవుతుంది, మాన్యువల్‌లో సరిచూసుకోండి. కోడ్ చెరిపి, ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి, కుదుపు మళ్లీ వచ్చాక స్కాన్ చేయండి. పీ0303కి మారితే కాయిల్ పోయినట్టే. పీ0302 దగ్గరే ఉంటే కాయిల్ తప్పేమీ లేదు; ఇక ప్లగ్గులను అలాగే మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే ఇంజెక్టరో, కంప్రెషనో. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే అలవాటు మానుకోవాలి. అక్కడ పుట్టేది వేల వోల్టులు.

6. ప్లగ్గు బయటికి తీసినప్పుడు దాని మొనను వెలుతురులో చూడండి. లేత బిస్కెట్ రంగు ఉంటే మంచిది. పొడిపొడిగా నల్లమసి పడితే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా స్పార్క్‌కు బలం లేదు. జిడ్డుగా తడిసి ఉంటే ఇంజన్ ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతోంది. కొత్త ప్లగ్గు వేసినా కొద్దిరోజుల ముచ్చటే. తెల్లగా పాలిపోతే పెట్రోల్ చాలక వేడెక్కుతోంది. తెల్లటి పింగాణీ మీద పై నుంచి కిందికి సన్నటి నల్లగీత కనిపిస్తే స్పార్క్ ఆ దారిన పక్కకు పోతోంది. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్ చెడితే పెద్ద పనే.

7. టార్చి వేసి వైర్లు చూడండి. వానాకాలంలో ఎలుకలు బానెట్ కింద చేరి కొరికేస్తాయి. అలాగే ఐడ్లింగ్‌లో ‘ఉస్స్’ మని శబ్దం వస్తోందేమో తెలుసుకోవడానికి ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను వ్యాక్యూమ్ పైపుల వెంట తిప్పండి. పగిలిన చోట తెలిసిపోతుంది. పీ0171కి తరచూ కారణం అదే.

8. ప్రెషర్ వాటర్‌తో ఇంజన్ కడిగించాక మిస్సింగ్ మొదలైతే ప్లగ్గు గుంతల్లో నీళ్లున్నాయేమో చూసి ఆరబెట్టండి. పెట్రోల్ పోయించుకున్న వెంటనే మొదలైతే బంకు బిల్లు దాచండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండిలో ఇంధనం మీదా ఓ కన్నేయాలి.

9. డీజిల్ బండయితే ఎయిర్ ఫిల్టర్ చూసి, కోడ్ రాసుకుని ఆపేయండి. కామన్ రైల్ పైపుల్లో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఉంటుంది. పైపు వదులు చేస్తే సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అది షెడ్డు పనే.