సాల్మన్ నదిపై పడవయాత్రకు ఏ మాసము మేలు?

ప్రశ్న: అమెరికాలోనున్న మా కుమారుడు ఇడాహోలోని సాల్మన్ నది మధ్యశాఖపై ఒక కుటుంబమువారు నడుపు రాఫ్టింగు యాత్రకు మమ్ము రమ్మనుచున్నాడు. వానికి గాలము సరదా, నాకు నీరన్న భయము. ఎప్పుడు పోవుట మంచిది?

జవాబు: అమ్మా, భీరువులకును గాలమువేయువారికిని ఒకే ఋతువు అనుకూలించుట అరుదు, మీకు మాత్రము ఆగస్టు అట్టిది. మంచుకరగుటచే మే, జూన్ మాసములలో ఉద్ధృతమై, రాళ్లను ముంచి పరుగిడు ప్రవాహము, వేసవి ముదిరినకొలది తగ్గి, తేటపడి, కట్‌త్రోట్ ట్రౌటు అను చేప కృత్రిమపుటెరను స్పష్టముగా చూడగలుగునట్లగును. అయితే నీరు మిక్కిలి తగ్గినపుడు ఎగువభాగమున పడవలు రాళ్లకు తగులుకొనును గనుక, కొందరు నిర్వాహకులు యాత్రికులను చిన్నవిమానమున ఇండియన్ క్రీక్ చెంతకు చేర్చి, అచటనుండి బయలుదేరుదురు. (ఆ విమానము మీకు నదికంటెను భయావహము కావచ్చును!)

చేపల పులుసుపై ఆశ విడువుడు. పట్టిన ట్రౌటును తిరిగి నీట విడువవలయును. వెనుకముల్లు లేని ఒంటికొక్కెమునే వాడవలయును.

కుటుంబసంస్థ యగుట యొక్కటే యోగ్యత కాదు. ఇడాహో రాష్ట్రపు లైసెన్సు కలదాయని అడుగుడు. యాత్రికులందరును తెడ్లువేయు పడవను గాక, మార్గదర్శియే తెడ్లువేయు పడవను మీకై కోరుడు. 1968లోనే చట్టరక్షణ పొందిన ఆ నదీతీరమున చాలదూరము రహదారి లేదు; కావున హృద్రోగమున్నచో ముందుగా వైద్యుని సంప్రదింపుడు.