కంప్యూటరు పటము కుదురుగా నున్నదా?

మన తాడిపత్రి నల్లబండలకు పేరొందిన యూరు. ఒకసారి రంపముతో కోసిన బండ మరల అతుకదు, నష్టము పనివానికి. కావున కోతకు ముందే పటమును పరీక్షింపవలెను. నేడు పటములను కంప్యూటరుపై గీయుచున్నారు. తెరపై చక్కగా గన్పట్టిన పటమెల్ల స్థిరమైనదని తలపరాదు.

నాలుగు పుల్లలను మేకులతో కూర్చి చట్రము చేసి ప్రక్కకు నెట్టుడు. భుజముల కొలతలు మారవు. ఆకారము వాలును, వైశాల్యము తగ్గును. భాస్కరాచార్యుడు 1150వ సంవత్సరమున రచించిన లీలావతిలో, కర్ణమునైనను లంబమునైనను చెప్పక చతుర్భుజ వైశాల్యము నడుగువానిని నిందించెను. భుజములు మాత్రమే చాలవని యాతని భావము. 1963లో అమెరికాలో ఐవన్ సదర్లాండు వెలువరించిన స్కెచ్‌ప్యాడు నందే పటమును నిబంధనలతో కట్టు పద్ధతి కలదు.

ఇక లెక్క చూతము. బిందువు అడ్డముగను నిలువుగను కదలగలదు. అనగా దానికి 2 స్వేచ్ఛలు. బండ నాలుగు మూలలకు మొత్తము 8. ఒక మూలను మూలబిందువున నిలిపిన 2 పోవును. రెండు భుజములు అడ్డముగను, రెండు నిలువుగను ఉండవలెనన్న 4 పోవును. పొడవు 4 అడుగులు, వెడల్పు 3 అడుగులనిన తక్కిన 2 పోవును. పటము కుదిరినది.

అయినను లెక్క యొక్కటే చాలదు. కుడి భుజము నిలువుగా నుండవలెననుట విడిచి, ఎడమ భుజము క్రింది భుజమునకు లంబమని వ్రాసితిమనుకొనుడు. నిబంధనలు 8యే, కాని క్రింది భుజము అడ్డము, ఎడమది నిలువు అని ముందే చెప్పితిమి గనుక ఈ మాట వ్యర్థము. కుడివైపు పైమూల యింకను జరుగును. కావున ప్రతి మూలను పట్టి లాగి చూడవలెను, కదలినచో లోపమున్నది. ఫ్రీక్యాడ్ వంటి సాధనములు మిగిలిన స్వేచ్ఛల సంఖ్యనుగూడ తెలుపును.

అధికమైనను దోషమే. కుదిరిన పటమునకు కర్ణము 5 అడుగులని చేర్చిన నది పునరుక్తి. 6 అనిన విరోధము. అపుడు కొత్తది చేర్చక, పొసగని దానిని తీసివేయవలెను. మరియు స్థిరమైన పటమెల్ల సరియైనది కాదు. 4కు బదులు 5 వ్రాసినను పటము కదలదు. కొలతలను పనివాని చీటీతో సరిచూడవలెను.

అభ్యాసము: ఈ బండలో గుండ్రని రంధ్రము నొకదానిని గీసిన నెన్ని క్రొత్త నిబంధనలు కావలెను? కేంద్రమును వ్యాసార్ధమును తలచి చెప్పుడు.