అడిగి ఇవ్వాలి

కత్తి కూర తరుగుతుంది. మనిషినీ గాయపరుస్తుంది. పిల్లాడు కత్తి అడిగితే ఊరికే ఇస్తామా? "ఎందుకురా?" అని అడుగుతాం.

దేశాలూ అంతే. రాకెట్ ఉపగ్రహాన్ని మోస్తుంది. అదే విద్యతో బాంబును మోసే క్షిపణినీ చేయొచ్చు. అందుకే 1987లో 7 దేశాలు ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఆ విద్యను బయటి దేశానికి ఇచ్చే ముందు ప్రభుత్వం విచారిస్తుంది.

అడిగేది ఎవరు?
దేనికి వాడతారు?
మరొకరి చేతికి పోదు కదా?

1991లో సోవియట్ యూనియన్‌తో మనకు ఒప్పందం కుదిరింది. క్రయోజెనిక్ ఇంజన్లు ఇస్తామన్నారు. తయారీ విద్య కూడా నేర్పుతామన్నారు. ఇది బాగా చల్లబరిచిన ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజను.

అమెరికా అడ్డు చెప్పింది. క్షిపణులకు వాడతారేమో అంది. 1992లో ఆంక్షలు పెట్టింది. ఇంధనం నింపడానికే చాలాసేపు పట్టే ఇంజను యుద్ధానికి పనికిరాదని మనవాళ్ళు చెప్పారు. అయినా 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఇంజన్లు ఇచ్చింది. విద్య ఇవ్వలేదు.

మన శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. 2010లో మొదటి ప్రయత్నం విఫలమైంది. 2014 జనవరి 5న శ్రీహరికోటలో మన సొంత ఇంజనుతో రాకెట్ విజయవంతంగా ఎగిరింది.

2016లో మన దేశమూ ఆ కట్టుబాటులో చేరింది. ఇప్పుడు విచారించి ఇవ్వాల్సిన బాధ్యత మనకూ ఉంది.

మాటలు - అర్థాలు
క్షిపణి: దూరం పోయి పేలే ఆయుధం
ఆంక్షలు: అడ్డంకులు, నిషేధాలు

ఆలోచించి చెప్పండి
1. రష్యా మనకు ఏమిచ్చింది? ఏమివ్వలేదు?
2. అమెరికా భయం న్యాయమేనా? మీరేమంటారు?