సంస్థానాధీశుడా, జమీందారా? బిరుదులు, వారసత్వం

కృష్ణా డెల్టా అభ్యర్థులు పొరపడేది ఇక్కడే. చల్లపల్లి (దేవరకోట), నూజివీడు సంస్థానాలు కావు, జమీందారీలు. కోట ఉన్నా, ఊరంతా ‘రాజా వారు’ అన్నా రాజభరణం (సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చిన భత్యం) వర్తించలేదు. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోండి.

జమీందారీల రద్దు: మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం, 1948 (26వ చట్టం). రాజ్యాంగ 1వ సవరణ (1951)తో 9వ షెడ్యూలులో చేరింది.

వారసత్వం: అవిభాజ్య ఎస్టేటు అంటే పంపకం లేకుండా ఒకే వారసుడికి, సాధారణంగా పెద్దకొడుకుకు, దక్కేది. మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం, 1904. హిందూ వారసత్వ చట్టం, 1956: సెక్షన్ 4తో ఆచారం పక్కకు పోయింది, మినహాయింపు సెక్షన్ 5(2).

బిరుదులు: 18వ అధికరణతో రద్దు. సైనిక, విద్యా గౌరవాలకే మినహాయింపు. పద్మ పురస్కారాలు బిరుదులు కావు: బాలాజీ రాఘవన్ కేసు, 1996.

రాజభరణాలు (తప్పక అడుగుతారు): 26వ సవరణ, 1971తో రద్దు. తొలగించిన అధికరణలు 291, 362, చేర్చినది 363ఎ. నేపథ్యం మాధవరావు సింధియా కేసు, 1970.

హైదరాబాదు సంస్థానం: చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మరణం 1967. వారసుడు కొడుకు కాదు, మనవడు ముకర్రం జా (మరణం 2023).