ముందు ఆ కత్తెర దాచెయ్యి

కొవ్వూరు

చి.ల.సౌ. పద్మజను పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ప్రహరీ వారన వేసిన నూరు వరహాలు, మందారాలు మొత్తం పీకించేసి అక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తున్నావట! "ఎంత చేసినా ఒక్క పువ్వు పుయ్యట్లేదు, ఆకులు పసుపెక్కిపోతున్నాయి" అన్నావట. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను, ఓపిగ్గా చదువు.

ఉగాదికి నువ్వు పంపిన ఫోటో మళ్ళీ తీసి చూశాను. చచ్చే మొక్కలు కావవి. గుండ్రంగా, నున్నగా, ఎక్కడా ఒక్క రెమ్మ బయటికి రాకుండా ఉన్నాయి. మీ తోటమాలి పదిహేను రోజులకోసారి పెద్ద కత్తెర పట్టుకొచ్చి చెక్కేసి పోతున్నాడు కదూ? అసలు తెగులు అదే.

నూరు వరహాలు కొమ్మ కొసనే పూస్తుందమ్మా. మందారం మొగ్గ కొత్త రెమ్మ మీద, కొసకి దగ్గర్లో, ఆకు మొదట్లో వస్తుంది. కొస కత్తిరించగానే కింద నుంచి రెండు మూడు పిలకలు వస్తాయి. అవి సాగి, ఆకు ముదిరి, మొగ్గ కట్టడానికి వారాలు పడుతుంది. ఈలోగా అతను మళ్ళీ వస్తాడు. తలకి గుండు చేయించి జడ వెయ్యమన్నట్టుంది నీ వ్యవహారం.

నమ్మకపోతే ఒక పని చెయ్యి. ఆ గుబురులోకి రెండు చేతులూ పెట్టి కొమ్మలు విడదీసి చూడు. పైపైన రెండంగుళాల మందాన ఆకు, లోపలంతా ఎండుపుల్లలు, సాలెగూళ్ళు. పై ఆకుల్లో సగం నడిమికి తెగి అంచులు మాడి ఉంటాయి. తెగని కొస ఏదైనా మిగిలితే, దాని మీద సన్నటి మొగ్గల గుత్తి బఠాణీ గింజంత కనిపించినా కనిపించవచ్చు. దాన్ని చూశాక కూడా కత్తెర వెయ్యమంటే నేనింక మాట్లాడను.

మా అత్తగారు ఈ విషయంలో ఎంత కచ్చితమో నీకు తెలియదు. పూజకి పువ్వు కొయ్యమంటే పువ్వే కొయ్యాలి, పక్కన రెమ్మ విరిగిందంటే రోజంతా సణుగుడే. తెల్లారకుండా కొక్కెం కర్రతో గోడ అవతల నుంచి పువ్వులు లాగే ఒక మాస్టారు ఉండేవారు. ఆయన్ని చూసి అరుగు మీద నుంచి "పువ్వులు పట్టుకెళ్ళండి నాయనా, కొమ్మలొదిలెయ్యండి" అనేవారు అత్తగారు. 1974లో గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన తెరిచాక మీ పెదనాన్న స్కూటరు మీద కడియం తీసుకెళ్ళారు. అక్కడి నర్సరీలో కొన్న ముద్ద నందివర్ధనం ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. విరిగిన రెమ్మ పాలు కారి పట్టుచీరకి పడ్డ మరక ఇప్పటికీ పోలేదు. ఆ మొక్క మాత్రం ఉంది. నువ్వు చిన్నప్పుడు దాని కిందే కదా అలిగి కూర్చునేదానివి!

అసలు కత్తిరించవద్దని కాదు. దానికో అదను ఉంది. శివరాత్రితో చలి పోయాక మందారాన్ని మూడో వంతు తగ్గించు. చిన్న కత్తెరతో, ఒక్కో కొమ్మా చూసి, ఆకు కణుపుకి కాస్త పైన ఏటవాలుగా కొయ్యాలి. లోపలికి పెరిగిన కొమ్మలు తీసెయ్యి, గాలీ ఎండా ఆడాలి. నూరు వరహాలకి అదీ అక్కర్లేదు, వాడిన గుత్తిని కింది జత ఆకులతో తుంచేస్తే చాలు. రాత్రి డ్యూటీలు చేసి వచ్చేదానివి, ఇదంతా నీకు భారమని తెలుసు. అందుకే చెబుతున్నా, చెయ్యకుండా వదిలేస్తేనే ఎక్కువ పూస్తాయి. వేళకి తింటున్నావా అసలు?

ఇక ఆకులు పసుపెక్కడం గురించి. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. గోడ కట్టినప్పుడు పడ్డ సిమెంటు, సున్నం ఆ మట్టిలోనే ఉంటాయి, పైగా మీది బోరు నీళ్ళు, అందుకే మొక్కకి ఇనుము అందదు. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లు, వారం ఆగి మరోసారి. మొక్కల మొదట్లో చివికిన పశువుల ఎరువు వెయ్యి. ముదురాకులు మొత్తంగా పసుపెక్కి రాలుతుంటే మాత్రం నీళ్ళు ఎక్కువైనట్టు, వేలు గుచ్చి పైమట్టి ఆరిందని చూసుకుని పొయ్యి. మందారానికి తెల్లటి పిండినల్లి, దాని వెంట చీమలు పట్టి ఉంటే పైపుతో గట్టిగా కడిగి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టు.

ఒక్కటి మాత్రం పీకించు. గేటు పక్కనున్న పచ్చ గన్నేరు. ఆ కాయలో గింజ విషం, గుండెని పట్టేస్తుంది. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు మీ చంటాడిది. దాని చోట నందివర్ధనం వేసుకో, వానలు పడ్డాక కొమ్మ పంపిస్తాను.

ఆ తోటమాలి మీద కోప్పడకు, నువ్వు నున్నగా ఉండాలన్నావని చేస్తున్నాడు. ఊడ్చమను, కలుపు తియ్యమను, కత్తెర మాత్రం ఇవ్వకు. గడ్డి వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోనీ, ఆ డబ్బు నేనిస్తాను. దసరా దాకా ఆగు తల్లీ. అప్పటికీ పుయ్యకపోతే నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ